కొప్పులో నీలం మూత

ఆ రోజు పొద్దున నేను మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, ఆయన బనీనుతో వచ్చి పక్కన నిలబడి, "పరీక్ష రక్తానికే, చొక్కాకి కాదు," అన్నారు.

"చొక్కా బాగుంటే రక్తం కూడా కాస్త బుద్ధిగా ఉంటుంది. మీరు ముందు గడ్డం గీసుకోండి," అన్నాను.

నాకసలు కాలు నిలవడం లేదు. భయం కాదండీ, సంబరం. ముందు రోజు పార్లర్లో ఆ సంబరంలోనే ఒకావిడ ముందుజుట్టు కత్తిరించాల్సిన దానికంటే రెండు వేళ్ళు ఎక్కువ కత్తిరించేశాను. ఆవిడ కళ్ళు తెరిచేలోపు అద్దం అటు తిప్పి, ఇటు తిప్పి, "పదేళ్ళు తగ్గారండీ!" అన్నాను. ఆవిడ నమ్మింది. నేనూ నమ్మాను. ఆ రోజుల్లో నాకు ఎవరేం చెప్పినా నమ్మేసేదాన్ని.

మా ఆయన రేవులో క్రేన్ ఆపరేటర్. ఓడల మీంచి కంటైనర్లు దించే పెద్ద క్రేన్ ఉంటుంది చూశారూ, దానికి పైన ఒక గాజు గది వేలాడుతూ ఉంటుంది. అందులో కూర్చుని ఆ ఇనప పెట్టెల్ని, నిద్రపోయిన పసిపిల్లని పక్క మీద దించినంత మెల్లగా లారీల మీద దించేవారు. రేవులో అందరూ ఆయన్ని గద్ద అనే పిలుస్తారు. కోపం రాదు సరికదా, ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే తిరిగి కూడా చూడరు.

కొన్నేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం ఆ గాజు గదిలోనే ఆయనకి షుగరు పడిపోయింది. కంటైనరు గాల్లో ఉంది. ఈయన చేయి జారగానే క్రేను దానంతటదే ఆగిపోయింది కాబట్టి సరిపోయింది, కింద ఎవరికీ ఏమీ కాలేదు. ఇద్దరు మనుషులు పైకెక్కి ఆయన్ని దించుకొచ్చారు. ఆ దిగడం దిగడమే. ఇన్సులిన్ వేసుకునే మనిషిని అంత ఎత్తుకి పంపేది లేదని రేవు డాక్టరు తేల్చి చెప్పేశాడు. అప్పట్నుంచి గేటు పక్క గదిలో కూర్చుని లారీల వాళ్ళ చీటీల మీద స్టాంపు గుద్దుతున్నారు. ఒక్కనాడు నా దగ్గర కంటతడి పెట్టలేదు. కాకపోతే సాయంత్రం నన్ను పార్లర్ నుంచి ఎక్కించుకుని ఇంటికొచ్చేటప్పుడు రేవు క్రేన్లు కనిపించే వంతెన మీద స్కూటర్ ఆపేస్తారు. "ఆ కొత్తవాడు చూడు, పెట్టెని ఎలా ఊపేస్తున్నాడో," అని సణుగుతారు. నేను వెనక కూర్చుని ఆయన వీపు చూస్తూ ఉంటాను.

అలాంటి మనిషికి పెద్దాసుపత్రిలో ఒక కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలిసింది. కాళ్ళరిగేలా తిరిగి, బతిమాలి, అందులో చేరారు. నాకర్థమైనంత వరకు చెప్తాను వినండి. కడుపులో క్లోమం అని ఒకటుంటుంది. అందులో ఇన్సులిన్ తయారుచేసే కణాలుంటాయి. మా ఆయనకి మీసాలొచ్చే వయసులోనే, ఒంటికి కాపలా కాయాల్సిన కణాలు పొరబడి వాటిని శత్రువులనుకుని చంపేశాయి. ఈ కొత్త మందు, క్లోమంలోనే వేరే పని మీద ఉన్న కణాల్ని ఒప్పించి, ఆ పోయినవాళ్ళ పని నేర్పిస్తుందట. ఇంకో మందు ఆ కాపలావాళ్ళని ఊరుకోబెడుతుందట. ఎలుకల్లో అయింది. మనుషుల్లో అవుతుందా లేదా అన్నది మా ఆయనా, ఆయనలాంటి ఇంకొద్దిమందీ తేల్చాలి.

మొదటి విడత మందు పూర్తయి కొన్ని నెలలైంది. ఇవాళ్టి పరీక్షలో కొత్త కణాలు మొలిచినట్టు రవ్వంత గుర్తు కనిపిస్తే రెండో విడత ఇస్తారు. కనిపించకపోతే దండం పెట్టి ఇంటికి పంపేస్తారు. రెండో విడత దొరికితే ఆ గాజు గది మీద ఆశ ఉంటుంది. దొరక్కపోతే ఉద్యోగమున్నన్నాళ్ళూ ఆ స్టాంపే గతి.

ఆ గుర్తు ఏమిటో నాకు విడమరచి చెప్పింది చిన్న డాక్టరమ్మ. ఆ పరిశోధనలో ఇద్దరు డాక్టర్లు. పెద్దాయన ఒకరు, కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, కళ్ళ మీద ఉండగా నేను చూడలేదు. రెండోది ఈ పిల్ల. గాలి వేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది, మాట మాత్రం గలగలా.

"ఒంట్లో ఇన్సులిన్ తయారైనప్పుడు ముందు పొడుగ్గా, తీగలాగా తయారవుతుంది ఆంటీ. తర్వాత మధ్యలోంచి ఒక ముక్క కత్తిరిస్తేనే అది ఇన్సులిన్ అవుతుంది. ఆ కత్తిరించిన ముక్క కూడా రక్తంలోకి వస్తుంది. దాన్ని సి-పెప్టైడ్ అంటాం. మీరు వేసే ఇంజెక్షన్లో ఆ ముక్క ఉండదు. అంకుల్‌కి ఎన్నో ఏళ్ళుగా అది సున్నా. ఇప్పుడు ఏ కాస్త కనిపించినా..."

"నేల మీద జుట్టు పడుందన్నమాట," అన్నాను.

ఆ పిల్ల తెల్లమొహం వేసింది.

"అదే తల్లీ. ఒకావిడ ఎక్కడో కత్తిరించుకుని మా పార్లర్‌కి వచ్చి కూర్చుందనుకో, తల బాగానే ఉంటుంది, కానీ మా నేల మీద జుట్టుండదు. నేల మీద జుట్టు కనిపిస్తే మాత్రం ఎవరో ఇక్కడే కత్తిరించుకున్నట్టు."

చిన్న డాక్టరమ్మ పకపకా నవ్వి, "రేపట్నుంచి మా విద్యార్థులకి ఇలాగే చెప్తాను," అంది. నేను ఉబ్బిపోయాను.

ఇక మా ఇంటి సూది సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. పెళ్ళైన మర్నాడు మా అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచింది. బీరువా తాళాలు ఇస్తుంది కాబోలు అనుకున్నాను. అప్పుడే నీళ్ళలో మరిగించిన గాజు సిరంజి చేతిలో పెట్టింది. "ఇంక నీదే పూచీ. వాడు సూది చూస్తే బిగుసుకుపోతాడు. నువ్వు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, మాటల్లో పెట్టి వేసెయ్," అంది. అంత ఎత్తున ఊగే గదిలో కూర్చునే మనిషికి సూదంటే భయమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బయటున్నప్పుడు ఎలాగో ఆయనే కళ్ళు మూసుకుని వేసుకుంటారు. నేను పక్కనుంటే మాత్రం నా పనే.

మాటలకి మా ఇంట్లో కరువా? ఎదురుగా తిండి పెట్టగానే ఆయన కళ్ళు మూసుకుని, ఎడం చేత్తో చొక్కా ఎత్తుతారు. నేను పార్లర్ కబుర్లు చెప్తూ ఇన్సులిన్ పెన్ను తీసి, మూత కొప్పులో దోపుకుని, పని కానిచ్చేస్తాను. క్లిప్పులు, దువ్వెనలు, పిన్నులు అన్నీ కొప్పులో దోపుకోవడం నాకు వృత్తిలో అలవాటు. గాజు సిరంజి పోయి ప్లాస్టిక్‌ది వచ్చింది, అది పోయి పెన్ను వచ్చింది. మాటలు, చొక్కా, కొప్పు మాత్రం మారలేదు.

ఆసుపత్రిలో మాకిచ్చిన గది చిన్నది. వెనక్కి వాలే కుర్చీ ఒకటి, నాకో స్టూలు, కార్లు నిలిపే చోటు కనిపించే కిటికీ. సిస్టర్ ఆయన చేతి నరానికి కాన్యులా గొట్టం పెట్టి, పరగడుపు రక్తం తీసింది. "నిన్న చెప్పినట్టే కదా? పొద్దున ఇన్సులిన్ వేయలేదుగా?" అని చిన్న డాక్టరమ్మ అడిగింది.

"వేస్తే నన్ను ఉరి తీయండి," అన్నాను. ఎంత బాగా అన్నానో చూడండి.

తర్వాత పెద్ద గ్లాసులో తెల్లటి, చిక్కటి, తియ్యటి పానీయం ఒకటి తెచ్చారు. అది తాగాక అరగంటకోసారి రక్తం తీస్తారు. కొత్త కణాలుంటే ఆ తీపికి లేచి పని మొదలుపెట్టాలి. గ్లాసు ఆయన ముందు పెట్టి, ఇంకా ఏవో గొట్టాలు తెస్తానని సిస్టర్ బయటికి వెళ్ళింది. డాక్టరమ్మ గుమ్మం దగ్గర ఫోన్ మాట్లాడుతోంది.

"మందు పనిచేస్తే మొట్టమొదట నిన్నే ఎక్కిస్తాను పైకి," అన్నారు మా ఆయన.

"నన్నా? మేడ మెట్లెక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయి."

"పైనుంచి చూస్తే సముద్రం ఎలా ఉంటుందో తెలుసా?"

"తడిగా ఉంటుంది. కిందనుంచి చూసినా తడిగానే ఉంటుంది. మీతోపాటు నేనూ వేలాడితే మీ అమ్మగారికి టీ ఎవరు పెడతారు?" అంటూ మొదలుపెట్టాను. నిన్నటి ముందుజుట్టావిడ కథ కూడా చెప్పాను. ఆయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వుతూనే గ్లాసు ఎత్తి గటగటా తాగేశారు.

మొదటి అరగంటకి సిస్టర్ చిన్న మిషన్ మీద షుగరు చూసింది. కాస్తే పెరిగింది. చిన్న డాక్టరమ్మ కనుబొమలు పైకి లేచాయి. "ఊఁ," అంది. రెండో అరగంటకి అంకె చూసి, మిషన్ పాడైందేమోనని ఇంకోటి తెప్పించింది. అందులోనూ అంతే.

"ఆంటీ! అంత తీపి తాగాక షుగరు పెరగాలి కదా. తగ్గింది! పరగడుపున ఉన్నదానికంటే తగ్గింది!"

నేను స్టూలు మీంచి లేచిన లేవడానికి స్టూలు పడిపోయింది. ఆ పిల్లని పట్టుకుని గిర్రున తిప్పేశాను. సిస్టర్ చప్పట్లు కొట్టింది. మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పైకప్పు కేసి చూస్తూ, కుడి చేత్తో గాల్లో క్రేను లివర్ తిప్పుతున్నారు. అప్పుడే పైకెక్కేసినట్టుంది ఆయన మొహం. అంత వెలుగు ఆ మొహంలో చూసి ఎన్నేళ్ళైందో.

"అమ్మా, ఉండండి, మీ కొప్పులో ఏదో ఇరుక్కుంది," అని సిస్టర్ చేయి పెట్టి తీసింది.

నీలం మూత. ఇన్సులిన్ పెన్ను మూత.

గబగబా నా సంచీ తెరిచాను. పెన్ను సూదితో సహా దువ్వెనల మధ్య పడుంది. ఉన్నట్టుండి అంతా గుర్తొచ్చింది. గ్లాసు పెట్టగానే ఆయన కళ్ళు మూసుకున్నారు. చొక్కా ఎత్తారు. నేను ముందుజుట్టావిడ కథ చెప్తున్నాను. నోటి పని నోరు చేసింది, చేతి పని చెయ్యి చేసింది. ఇద్దరిలో ఒక్కరికీ తెలియలేదు. నీ కొంప మునగ, ఇంత బుద్ధి లేకుండా ఎలా పుట్టావే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

సిస్టర్‌కి అది ఏమిటో తట్టేలోపే ఆ మూత లాక్కుని గుప్పిట్లో పెట్టుకున్నాను. మా ఆయన చూశారు. ఒక చెయ్యి మెల్లగా చొక్కా కిందికి పోయి పొట్ట తడుముకుంది. ఆయనకీ అర్థమైపోయింది. చిన్న డాక్టరమ్మ కిటికీ దగ్గర పెద్దాయనకి ఫోన్ చేస్తోంది, "సార్, మీరు నమ్మరు సార్," అంటూ. మా ఆయన నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు.

"చెప్పకు," అన్నారు, నాకొక్కదానికే వినపడేలా. "నీకు దండం పెడతాను. రెండో విడత ఇచ్చేదాకా చెప్పకు."

అంత బతిమాలే గొంతు ఆయనది నేనెప్పుడూ వినలేదు. ఒక్క క్షణం, నిజం చెప్తున్నాను, నోరు మూసుకుందామనే అనిపించింది. కానీ ఆయన పై పెదవి మీద చెమట పట్టింది. ఆ చెమట నాకు బాగా తెలుసు. షుగరు ఇంకా పడబోతోందంటే ముందు అక్కడే పడుతుంది. ఆ రోజు గాజు గదిలో ఆ చెమట చూసేవాళ్ళెవరూ లేకపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"అబద్ధం మీద పైకెక్కి మళ్ళీ కళ్ళు తిరిగి పడితే ఎవరండీ దించేది? నేనా?" అని ఆయన చెయ్యి విదిలించేసి, "డాక్టరమ్మా, ఫోన్ పెట్టెయ్! నేను సూది వేసేశాను! పొద్దున రోజూ వేసేంతా వేసేశాను! జ్యూస్ తీసుకురండి ముందు!" అని అరిచాను.

ఆ పిల్ల మొహం వాడిపోవడం నేను జన్మలో మరిచిపోను. కానీ పరుగెత్తింది మాత్రం నాకంటే ముందు. జ్యూస్ తాగించారు, గ్లూకోజ్ ఎక్కించారు, కాసేపటికి ఆయన తేరుకున్నారు. తేరుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

పెద్ద డాక్టరుగారు వచ్చారు. కళ్ళజోడు నుదుటి మీదే ఉంది. జరిగిందంతా నిలబడే విన్నారు.

"తెలియకుండా వేశారా?"

"తెలియకుండానే సార్. ఆయన చొక్కా ఎత్తారు, నేను వేశాను."

"ఆయనకీ తెలియలేదా?"

"తెలియకుండా వేయడమే సార్ నాకు మా అత్తయ్య నేర్పింది."

పెద్దాయన పడిపోయిన స్టూలు ఎత్తి నిలబెట్టారు. "మందు వేసుకోవడం మర్చిపోయినవాళ్ళని ఇన్నేళ్ళలో కోకొల్లలుగా చూశాను. మందు వేసుకున్నామని మర్చిపోయినవాళ్ళని చూడటం ఇదే మొదలు," అన్నారు. నవ్వారో లేదో తెలియలేదు. తర్వాత గొంతు మారింది. "ఈ పరీక్ష చెల్లదు. రెండో విడత ఎవరికివ్వాలో కమిటీ రేపే తేలుస్తుంది. చెల్లని పరీక్షని వాళ్ళు గుర్తు కనిపించని పరీక్ష కిందే చూస్తారు."

గోడ వైపు తిరిగిన వీపు కదల్లేదు. వంతెన మీద చూసే వీపే అది.

"సార్," అంది చిన్న డాక్టరమ్మ. "షుగరు అంకె చెల్లదు, సరే. కానీ తీసిన రక్తం ఉంది కదా. అందులో సి-పెప్టైడ్ చూద్దాం."

"ఇంత ఇన్సులిన్ బయట్నుంచి పడ్డాక లోపలి కణాలకి పనేముంటుంది? ఉన్నా పడుకుంటాయి. ఉన్నా కనపడకపోవచ్చు."

"కనపడితే?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ నుదుటి మీదే పెట్టుకున్నారు. "కనపడితే, ఇంక దాన్ని కాదనేవాడు లేడు. పంపండి. నేనూ వస్తాను ల్యాబ్‌కి."

మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. వచ్చేపోయేవాళ్ళ చెప్పుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. నాకు మాటలు రాకపోవడం అనేది ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వంక చూస్తూ కూర్చున్నాను. ఈ చేతులు నరికేస్తే బాగుండుననిపించింది.

చాలాసేపటికి ఆయన అన్నారు, "చొక్కా ఎత్తింది నేనే కదా."

"అయితే?"

"అయితే సగం నాదే. మొత్తం తప్పు నువ్వొక్కదానివే కొట్టేద్దామనుకుంటున్నావేమో, కుదరదు."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "చెప్పొద్దన్నారు చూడండీ, అది మాత్రం పూర్తిగా మీదే," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"అది నాదే," అని ఒప్పుకున్నారు.

అప్పుడే ఫోన్ మోగింది. అత్తయ్య. ఈవిడకి ఏ టైములో ఫోన్ చేయాలో ఎవరు చెప్తారో గానీ, గురి తప్పదు. ఎత్తగానే, రోజూ అడిగే మొదటి మాటే అడిగింది.

"వాడికి సూది వేశావుటే?"

"వేశాను అత్తయ్యా," అన్నాను. "చక్కగా వేశాను." మా ఆయన తల గోడకి ఆనించి, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వుతున్నారు. ఎదుటి బెంచీ మీదావిడ మమ్మల్ని చూసి తన పిల్లాణ్ణి కాస్త అవతలికి జరుపుకుంది.

ఫోన్ పెట్టేశాను. కిటికీలో ఎండ బెంచీ మీంచి నేల మీదికి జరిగింది. మెట్ల వైపు నుంచి ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడైంది. ఆసుపత్రిలో పరుగంటే మంచికి కాదు కదా, నేను లేచి నిలబడ్డాను. చిన్న డాక్టరమ్మ. ఒక కాలికే చెప్పుంది, రెండోది ఎక్కడ జారిపోయిందో. కాగితం కూడా లేదు చేతిలో. వరండా ఆ చివర్నుంచే కేక పెట్టింది.

"జుట్టుంది ఆంటీ! నేల మీద జుట్టుంది!"

వరండాలో అందరూ ముందు నేల వంక చూశారు, తర్వాత ఆ పిల్ల వంక చూశారు. నాకు మాత్రమే తెలుసు అదేమిటో. మా ఆయన ఒక్క ఉదుటున లేచారు. ఆ పిల్ల వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. రొప్పుతూ, తడబడుతూ చెప్పింది. పరగడుపు రక్తంలో ఉందట. తాగాక తీసిన దాంట్లో ఇంకాస్త పెరిగిందట. నేను గుచ్చిన ఇన్సులిన్ అంతా నెత్తిన కూర్చున్నా కూడా, లోపల మొలిచినవాళ్ళు పడుకోలేదట.

"ఎంత ఉంది?" అని మా ఆయన అడిగారు.

"కొంచెమే అంకుల్. చాలా కొంచెం. కానీ అది మీదే. మీ కడుపులోదే. ఏ పెన్నులోంచీ వచ్చింది కాదు."

ఎన్నేళ్ళుగానో కంటతడి పెట్టని మనిషి అక్కడ, ఇస్త్రీ చొక్కా చేతికి మొహం తుడుచుకున్నారు. నేను మాత్రం ఇల్లు పీకి పందిరేసినంత గోల చేశాను. సిస్టర్ వచ్చి ఇది ఆసుపత్రమ్మా అనేదాకా ఆపలేదు. ఆవిడ కూడా ఆ మాట నవ్వుతూనే అంది.

వెనకాలే పెద్దాయన నింపాదిగా వచ్చారు. మర్నాడు కమిటీ ముందు తనే మాట్లాడతానన్నారు. మాట్లాడారు కూడా. పరీక్ష మళ్ళీ చేసి చూసి, అప్పుడు తేలుద్దామని వాళ్ళు ఒప్పుకున్నారు.

ఆ రెండో పరీక్షకి నన్ను గదిలోకి రానివ్వలేదు. నా సంచీ కూడా గుమ్మం దగ్గరే తీసేసుకున్నారు. కొప్పు తడిమి మరీ చూసింది సిస్టర్. చేతులు ఊరుకోవు కదా, పరీక్ష అయ్యేదాకా వరండాలో డ్యూటీ దిగిన సిస్టర్లకి వరసపెట్టి జడలేస్తూ కూర్చున్నాను. మూడో జడ సగంలో ఉండగా పెద్దాయన తలుపు తీసుకుని బయటికొచ్చారు. కళ్ళజోడు మొట్టమొదటిసారి కళ్ళ మీదుంది.

"ల్యాబ్ వాళ్ళు ఇప్పుడే చెప్పారు. మొన్నటికంటే బాగుంది," అన్నారు. "రెండో విడతకి రమ్మనండి. రేపట్నుంచి మధ్యాహ్నం డోసు ఒకటి ఆపి చూద్దాం."

"మరి క్రేను, సార్?" అని లోపల్నుంచి మా ఆయన గొంతు.

"ముందు డోసులన్నీ ఆగనివ్వండి. ఇలాగే సాగితే, రేవు డాక్టరుకి చెప్పే రోజు వస్తుంది. ఆ మాట నేనే చెప్తాను."

సాయంత్రం వంతెన మీద స్కూటర్ ఆగింది. ఆయన హెల్మెట్ తీసి చాలాసేపు చూశారు. ఆ కొత్తవాడు పెట్టెని యథాప్రకారం ఊపేస్తున్నాడు. "వాడికి చెప్తే నేర్చుకుంటాడు," అన్నారు చివరికి, బండి స్టార్ట్ చేస్తూ.

మర్నాడు ఆదివారం. ముగ్గురం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. కొడుకు కంచంలో వేడివేడిగా వడ్డించి అత్తయ్య ఎదుట కూర్చుంది. నేను ముందుజుట్టావిడ మళ్ళీ వచ్చిన సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ చెల్లెల్ని కూడా తీసుకొచ్చిందండీ, అలాగే కత్తిరించమని. మా ఆయన ఊఁ కొడుతున్నారు. ఊఁ కొడుతూనే కళ్ళు మూసుకున్నారు. ఎడం చేత్తో చొక్కా ఎత్తారు.

నా చెయ్యి కొప్పు దాకా వెళ్ళి ఆగింది. కొప్పులో ఏమీ లేదు. చేతిలోనూ ఏమీ లేదు. అత్తయ్య నా వంక చూసింది. నేను కథ ఆపకుండా చెప్తూనే ఉన్నాను. ఇన్నేళ్ళుగా గుచ్చి గుచ్చి గట్టిపడిపోయిన ఆ పొట్ట, ఎత్తిన ఆ చొక్కా, మూసిన ఆ కళ్ళు చూస్తూ ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు.

"అయిపోయిందా?" అన్నారు ఆయన, కళ్ళు తెరవకుండానే. "ఈసారి అసలు తెలియనే లేదే."

"వేయలేదండీ," అన్నాను. "చొక్కా దించి, కళ్ళు తెరిచి తినండి."